ఎవరి కంట పడకూడదు? నోటు, ఫోన్‌పే, ఈ-రూపాయి, బిట్‌కాయిన్‌లలో ఏ పనికి ఏది

పాలకొల్లులోనో అమలాపురంలోనో టీ కొట్టు దగ్గర పది రూపాయలు స్కాన్ చేస్తే బల్ల మీది డబ్బా గొంతెత్తి చెబుతుంది. టీ అయితే ఫర్వాలేదు. అదే డబ్బా మందుల షాపులోనూ ఉంటుంది. 1,840 రూపాయలు అందాయని అది అరిస్తే వెనక నిలబడ్డ నలుగురూ తల తిప్పి చూస్తారు. ఏ జబ్బుకి అంత మందని సాయంత్రానికి వీధిలో ఆరాలు మొదలవుతాయి.

డబ్బు విషయంలో గోప్యత అనగానే చర్చ నేరుగా బిట్‌కాయిన్ మీదికి పోతుంది. ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది: ఈ లావాదేవీ ఎవరికి తెలియకూడదు? ఇంట్లోవాళ్లకా, కొట్టువాడికా, లోను ఇచ్చే బ్యాంకుకా, ప్రభుత్వానికా, ముక్కూ మొహం తెలియని లోకానికా? ఒక్కో రకం డబ్బు ఒక్కొక్కరి కళ్లకు గంతలు కడుతుంది. అందరి కళ్లకూ కట్టేది ఏదీ లేదు. ఆన్సరు తేలకుండా యాప్ దించుకుంటే, ఎవరి దగ్గర దాచాలనుకున్నామో వాళ్ల దగ్గర తప్ప ఊరందరి దగ్గరా దాచినట్టవుతుంది.

నోటు

నోటు చేతులు మారితే సంగతి ఇద్దరికే తెలుస్తుంది. గోప్యతలో దీన్ని మించింది ఇంకా రాలేదు. కరెంటు, టవరు, బ్యాటరీ ఏవీ అక్కర్లేదు. 1996 నవంబరు తుఫాను గుర్తున్న కోనసీమ పెద్దలకూ, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మెలకువగా ఉన్నవాళ్లకూ ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. స్తంభాలు ఒరిగాయంటే కాసేపటికి టవరు బ్యాటరీ అయిపోతుంది, దానితో స్కానర్లన్నీ బొమ్మలైపోతాయి. అందుకని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారం రోజుల పాలు, కూరలు, మందులు, జనరేటరు డీజిలు ఖర్చు లెక్కేసి అంతా 50, 100 నోట్లలో ఇంట్లో ఉంచుకోవాలి. 500 కాగితాలు ఉంచితే ఆ రోజుల్లో చిల్లర పుట్టదు.

నీళ్లలో నానిన నోట్లను ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టకండి, ఒకదాని నుంచి ఒకటి లాగకండి. నీడన ఆరనిచ్చి ఏ బ్యాంకు బ్రాంచిలోనైనా మార్చుకోవచ్చు. 50 రూపాయలు, ఆ పై నోట్లకు చిరగని పెద్ద ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం ఉంటే సగం. అంతకు తక్కువైతే ఏమీ రాదు.

నోటుకి హద్దులు ఆదాయపు పన్ను చట్టంలో ఉన్నాయి, వాటిని గోదావరి జిల్లాల్లో రోజూ దాటేస్తుంటారు. ఒకే మనిషి దగ్గర ఒకే రోజు, లేదా ఒకే బేరానికి, 2 లక్షలు అంతకు మించి నగదు తీసుకోకూడదు. రొయ్యల చెరువు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే బేరం, చూడండి. కిలో 300 అనుకున్నా టన్ను తూగితే 3 లక్షలు. సోమవారం లక్షన్నర, మంగళవారం లక్షన్నర అని విడగొట్టుకున్నా అది ఒకే పట్టుబడి, ఒకే బేరం. తీసుకున్న మొత్తమెంతో జరిమానా అంత. అది పడేది డబ్బిచ్చిన ఏజెంటు మీద కాదు, తీసుకున్న రైతు మీద. ‘ఆయనే నగదిచ్చాడండి’ అంటే చెల్లదు.

చేబదులుకీ అంతే. 20 వేలు, ఆ పైన అప్పు నగదుగా తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ వ్యవసాయ ఆదాయం తప్ప పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. వరి రైతు వరి రైతుకిచ్చిన అప్పు దీని కింద తప్పించుకుంటుంది, ఎరువుల కొట్టు యజమాని ఇచ్చింది తప్పించుకోదు. వ్యాపారి ఒకరికి ఒక రోజులో 10 వేలకు మించి నగదు చెల్లిస్తే పన్ను కట్టేటప్పుడు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. చేపలు, ధాన్యం, కొబ్బరి, అరటి పండించినవాడి దగ్గరే కొంటే మాత్రం సడలింపు ఉంది. మధ్య దళారి దగ్గర కొంటే లేదు.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు చెల్లవని చెప్పిన తర్వాత బీరువాలో దాచిన నగదు కూడా పూర్తిగా మన చేతిలో లేదని తెలిసింది. నోటు లావాదేవీని దాస్తుంది. పెద్ద మొత్తాన్ని ఏళ్ల తరబడి దాచడానికి అది పనికిరాదు.

ఫోన్‌పే, గూగుల్‌పే

2016లో మొదలైన యూపీఐలో బ్యాంకుకి, యాప్‌కి, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థకి అన్నీ తెలుస్తాయి. ఆ ముగ్గురి దగ్గర దాపరికం కుదరదు, ప్రయత్నించడం దండగ. కానీ తెలియనివాళ్ల దగ్గర, ఇంటి దగ్గర, ఊళ్లో చాలావరకు దాచుకోవచ్చు. అందుకు యాప్‌లో మీటలు ఎక్కడున్నాయో ఎవరూ చూడరంతే.

మొదటిది ఐడీ. యాప్ పెట్టగానే ఇచ్చే ఐడీలో చాలాసార్లు మీ ఫోన్ నంబరే ఉంటుంది. చేపల మార్కెట్టులో ఎవరికి 200 కొట్టినా మీ నంబరు వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఆడపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. యాప్‌లో ప్రొఫైలు తెరిచి, యూపీఐ ఐడీలు అన్నచోట నంబరు లేని కొత్త ఐడీ తయారుచేసి, దాన్ని మొదటిదిగా పెట్టి, పాతదాన్ని తీసేయండి. అయినా బ్యాంకు ఖాతాలోని పేరు అవతలివాడికి కనబడుతుంది, అది ఆపడం కుదరదు.

రెండోది యూపీఐ లైట్. ఇందులో 5,000 వరకు వేసుకుని, ఒక్కోసారి 1,000 వరకు పిన్ లేకుండా ఖర్చు పెట్టవచ్చు. బ్యాంకు పాస్‌బుక్కులో ‘లైట్‌లోకి 2,000 వేశారు’ అన్న ఒక్క వరుసే పడుతుంది. ఆ రెండు వేలు ఎక్కడెక్కడ పోయాయో పాస్‌బుక్కులో ఉండదు, యాప్‌లో ఉంటుంది. పాస్‌బుక్కు భర్తో మామగారో తిరగేసే ఇళ్లలో ఇంతకు మించిన సులువు లేదు. లోను కోసం ఆరు నెలల స్టేట్‌మెంటు ఇచ్చినప్పుడు కూడా బ్యాంకు ఆఫీసరు మీ ప్రతి పకోడీ పొట్లాన్నీ చదవడు. ఫోన్ పోతే మాత్రం లైట్‌లో ఉన్నది పిన్ లేకుండానే ఖర్చయిపోవచ్చు. స్క్రీన్ లాక్ లేని ఫోన్‌లో పెట్టుకోవద్దు.

అరిచే డబ్బా సంగతి షాపువాళ్లదే. మందుల షాపు, ల్యాబు, ఆస్పత్రి కౌంటర్లలో శబ్దం తగ్గించి పెట్టడం మర్యాద. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఈ-రూపాయి

రిజర్వు బ్యాంకు తానే జారీ చేసే ఈ డిజిటల్ రూపాయిని మామూలు జనం కోసం 2022 డిసెంబరు 1న ప్రయోగంగా మొదలుపెట్టింది. బ్యాంకు యాప్ దించుకుని, ఖాతాలోంచి అందులోకి మార్చుకోవాలి. 500, 100, 50 లాంటి నోట్లు, నాణేల విలువల్లోనే కనబడుతుంది. దీనికి పూచీ మీ బ్యాంకుది కాదు, రిజర్వు బ్యాంకుది. వడ్డీ రాదు. యూపీఐ క్యూఆర్‌ల మీదా చెల్లుతుంది. ఖాతా స్టేట్‌మెంటులో వేసిన మొత్తం, తీసిన మొత్తం తప్ప మధ్యలో ఖర్చులు పడవు. ఫోన్ పోతే అదే నంబరు సిమ్‌తో మరో ఫోన్‌లో వాలెట్ తిరిగి తెచ్చుకోవచ్చు. నోటు పోతే ఆ వీలు లేదు కదా.

చిన్న మొత్తాలకు నోటులాంటి గోప్యత, పెద్ద మొత్తాలకు ఆచూకీ అని రిజర్వు బ్యాంకు 2022లో తన ఆలోచనా పత్రంలో రాసింది. ఆ గోప్యత రిజర్వు బ్యాంకు మాట మీద ఆధారపడ్డది, గణితం మీద కాదు. ఎవరికిచ్చిందో బ్యాంకుకే తెలియకుండా బ్యాంకు సంతకం పెట్టే పద్ధతిని డేవిడ్ చామ్ అనే ఆయన 1980ల మొదట్లోనే చూపించాడు. అంటే డిజిటల్ డబ్బుకి నోటంత గోప్యత ఇవ్వడం చేతకాని పని కాదు. ఇవ్వాలా వద్దా అన్నది పైవాళ్ల ఇష్టం. ఇంకో గుణం కూడా ఉంది. ఈ డబ్బు ఎరువుకే, కౌలుకే ఖర్చవ్వాలి అని ముందే ముడి వేసి ఇవ్వవచ్చు. సబ్సిడీ పక్కదారి పట్టకుండా అది మేలే. అదే ముడి మన సొంత డబ్బుకి పడితే మాత్రం ఒప్పుకోగలమా అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ప్రస్తుతానికి కిరాణా కొట్టు మట్టున వాడి చూడొచ్చు. యూపీఐ లైట్ ఉన్నవాడికి దీనివల్ల అదనంగా వచ్చేది తక్కువ.

బిట్‌కాయిన్

ఏ బ్యాంకూ జారీ చేయకుండా, నెట్‌లో కంప్యూటర్లే కలిసి లెక్క రాసుకునే డబ్బు ఇది. 2009 జనవరి 3న ఆ లెక్కల పుస్తకంలో మొదటి పేజీ, అంటే మొదటి బ్లాకు, పుట్టింది. మొత్తం 2 కోట్ల 10 లక్షల కాయిన్లకు మించి రావు. ఒక్కోదాన్ని 10 కోట్ల సతోషీలుగా చిల్లర చేయవచ్చు. ఆపడం ఏ బ్యాంకు తరమూ కాదు, కొత్తవి అచ్చు వేయడం ఏ ప్రభుత్వం తరమూ కాదు. ఇంతవరకు పొగిడేవాళ్లు చెప్పేది నిజమే.

‘రహస్య డబ్బు’ అనడమే తప్పు. లెక్కల పుస్తకం లోకమంతా చదవగలిగేలా నడివీధిలో తెరిచి పెట్టి ఉంటుంది. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి గల్లా మీద బిట్‌కాయిన్ క్యూఆర్ ఒకటి అంటించాడనుకోండి. మీరు వెయ్యి రూపాయల విలువ పంపారు. ఇంటికెళ్లి ఆ క్యూఆర్‌లోని అడ్రసును (ఖాతా నంబరు లాంటిది) ఏ బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే ఆ పుస్తకాన్ని చూపించే వెబ్‌సైటులో, కొట్టినా ఈ ఏడాదిలో ఆ అడ్రసుకి ఎన్నిసార్లు ఎంతొచ్చింది, ఇప్పుడు ఎంత మిగిలింది అన్నీ కనబడతాయి. పక్క కొట్టు పోటీదారుకీ కనబడతాయి. పేరు ఒక్కటే ఉండదు, అది గల్లా మీద బోర్డు చెబుతుంది. బ్యాంకు తన ఖాతా వివరాలు ఇలా గోడ మీద అతికిస్తే ఆ వ్యాపారి ఊరుకుంటాడా?

చిల్లర దగ్గర ఇంకో మెలిక ఉంది. 500 నోటిచ్చి 300 సరుకు కొంటే 200 తిరిగొచ్చినట్టు, బిట్‌కాయిన్‌లోనూ మీకు ఇంతకుముందు వచ్చిన ముక్క మొత్తం ఖర్చయి, మిగిలింది చిల్లరగా మీ మరో అడ్రసుకి వస్తుంది. చూసేవాడు ఏది సరుకు డబ్బో, ఏది చిల్లరో ఊహించి దారం పట్టుకుని లాగుతాడు. అందుకే ప్రతి చెల్లింపుకీ కొత్త అడ్రసు ఇవ్వాలి, చాలా వాలెట్ యాప్‌లు అది తామే చేస్తాయి. నానా చోట్ల నుంచి వచ్చిన ముక్కల్ని ఒకే చెల్లింపులో కలిపారంటే అవన్నీ ఒకరివేనని చాటింపు వేసినట్టే.

ఇక కొనే దారి. మన దేశంలోని ఎక్స్‌చేంజీలో, అంటే బిట్‌కాయిన్‌లాంటివి కొని అమ్మే సంస్థలో, పాన్, ఆధార్ ఇవ్వనిదే ఖాతా తెరవరు. 2023 మార్చి నుంచి ఈ సంస్థలు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి. అనుమానం వచ్చిన లావాదేవీని కేంద్రానికి చెప్పాల్సిందే. 1 శాతం టీడీఎస్ మీ పాన్ మీద పడుతుంది. ప్రభుత్వం కంట పడకూడదని అక్కడ కొనేవాడు రిజిస్ట్రాఫీసులో దస్తావేజు రాయించి రహస్యమన్నట్టే.

పన్ను లెక్క ఇలా ఉంటుంది. లక్షకు కొని 1,40,000కు అమ్మితే లాభం 40,000. దాని మీద 30 శాతం 12,000, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు 480, మొత్తం 12,480. అమ్మినప్పుడే 1 శాతం, అంటే 1,400 కోసేస్తారు, అది రిటర్నులో తగ్గించుకోవచ్చు. ఎక్స్‌చేంజి రుసుము మీద 18 శాతం జీఎస్టీ వేరు. అదే ఏడాది మరో కాయిన్‌లో 30,000 పోగొట్టుకున్నా ఈ లాభంలోంచి తగ్గించనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం ఒప్పుకున్నట్టే అని కొందరంటారు. కాదు. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది బ్యాంకులు ఈ సంస్థలతో పనిచేయకూడదన్న రిజర్వు బ్యాంకు ఉత్తర్వును మాత్రమే. బిట్‌కాయిన్ ఇస్తే తీసుకుని తీరాలని మన దేశంలో చట్టం లేదు. ఎల్ సాల్వడార్ 2021లో ఆ చట్టం చేసింది, 2025లో మళ్లీ ఎవరిష్టం వాళ్లదని సడలించింది.

ఎక్స్‌చేంజిలో ఉంచడమంటే పక్కవాడి బీరువాలో పెట్టడం. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌చేంజి నుంచి 23 కోట్ల డాలర్ల విలువ దొంగలు ఎత్తుకెళ్లారు, ఖాతాదారుల డబ్బు నెలల తరబడి బిగిసిపోయింది. ఖాతా తెరవడానికి ముందే అడగాల్సిన ప్రశ్న: కొన్నదాన్ని నా సొంత వాలెట్‌కి పంపనిస్తారా? కొన్ని చోట్ల పంపనివ్వరు. అక్కడ కొన్నది తెర మీద అంకె మాత్రమే.

సొంతంగా దాచుకునేవాళ్లు హార్డ్‌వేర్ వాలెట్‌ను, అంటే కాయిన్ల తాళం దాచే చిన్న యంత్రాన్ని, తయారీదారు దగ్గరే కొనాలి, పెట్టెలో పదాలు ముందే అచ్చయి వస్తే వెనక్కి పంపేయాలి. యంత్రం చూపించే 12 లేదా 24 పదాలే అసలు తాళం. అవి 2,048 ఇంగ్లిష్ పదాల జాబితాలోంచి వస్తాయి. తెలుగు జాబితా లేదు. కాబట్టి వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే, వరుస నంబర్లతో రాయండి. తెలుగులో వినబడినట్టు రాసుకుంటే రెండేళ్ల తర్వాత స్పెల్లింగు గుర్తుండదు. ఫొటో తీయవద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. మన తేమకి కాగితం బూజు పట్టి సిరా పాకుతుంది. స్టీలు రేకు మీద చెక్కుకోండి. వేరేవాళ్లకి ఇవ్వకుండా, పదాలు పైకి చదవకుండా, మీరే చెక్కడం మేలు. ఆరు పదాలు ఇక్కడ, ఆరు పదాలు అక్కడ అని విడగొట్టడం తెలివిగా కనబడుతుంది. కానీ ఒక సగం పోతే రెండో సగం దేనికీ కొరగాదు.

తర్వాత పరీక్ష. 2,000 రూపాయల విలువ పంపండి. వచ్చాక యంత్రాన్ని పూర్తిగా చెరిపేయండి. రాసుకున్న పదాలతో మళ్లీ తెరవండి. బ్యాలెన్సు కనబడితేనే మిగతాది పంపండి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే దొంగలతో పని లేకుండానే పోగొట్టుకోవచ్చు. పంపేటప్పుడు అడ్రసు మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలదు. అవే అక్షరాలున్న దొంగ అడ్రసు నుంచి చిన్న మొత్తం పంపి మీ పాత జాబితాలో చేరేవాళ్లున్నారు. అడ్రసు మొత్తం చదవండి, పాత లావాదేవీలోంచి కాపీ చేయకండి.

బిట్‌కాయిన్‌లాంటి డబ్బుకి సమాజం సిద్ధమేనా అంటే, దాపరికానికి మనవాళ్లు ఎప్పుడో సిద్ధం. పోపుల డబ్బా, కొంగు ముడి, పుట్టింట్లో ఉంచిన గొలుసు అన్నీ గోప్యతే. సిద్ధంగా లేనిది తగువు తీర్చే పెద్దమనిషి లేని డబ్బుకి. ప్రాంసరీ నోటు మీద ఇద్దరు సాక్షులుంటారు. చిట్టీ ఎగ్గొడితే పాట పెట్టినామె ఇంటి ముందు అరుగు మీద నలుగురు కూర్చుంటారు. ఫోన్‌పేలో తప్పు నంబరుకి పోతే బ్యాంకులో కాగితం పెట్టొచ్చు. బిట్‌కాయిన్‌లో పొరపాటు జరిగితే వినడానికి అవతల మనిషి లేడు. అది దాని లోపం కాదు, దాని కట్టుబడే అది. ఆ ఒంటరితనం భరించగలిగినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారేమో, ఊరంతా ఉండదు.

గల్ఫ్ డబ్బు, యూఎస్‌డీటీ

కోనసీమ, నరసాపురం ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్నవాళ్లకి ‘రేటు ఎక్కువొస్తుంది, యూఎస్‌డీటీ కొని ఇక్కడ అమ్మేయండి’ అని సలహా అందుతుంది. ఇది డాలరుకి కట్టిన కాయిన్. వికేంద్రీకరణ అనే మాట దీనికి సరిపోదు: జారీ చేసిన కంపెనీ తలచుకుంటే ఏ అడ్రసులోని కాయిన్లనైనా కదలకుండా బిగించేయగలదు, ఎన్నోసార్లు బిగించింది కూడా.

ప్రమాదం అమ్మే దగ్గర ఉంది. పీటూపీలో, అంటే మనిషికి మనిషి నేరుగా అమ్మే పద్ధతిలో, కొనేవాడు ఎవరో తెలియదు. అతను మీ అమ్మ ఖాతాలోకి 90,000 వేస్తాడు, మీరు కాయిన్లు వదిలేస్తారు. ఆ 90,000 ఏ డిజిటల్ అరెస్టు మోసంలోనో ఎక్కడో ఒక రిటైర్డు మాస్టారి దగ్గర కొట్టేసినది కావచ్చు. ఆయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తాడు. ఫిర్యాదు ఆ డబ్బు నడిచిన ఖాతాలన్నిటి వెంటా వస్తుంది. ఒకరోజు ఏటీఎంలో అమ్మ కార్డు పనిచేయదు. పెన్షను, డ్వాక్రా వాయిదా అన్నీ అందులోనే.

అలా ఆగితే బ్యాంకులో అడగాల్సినవి: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషను, ఎంత మొత్తం మీద ఆంక్ష. ఖాతా అంతా కాక ఆ మొత్తం వరకే ఆపమని రాతపూర్వకంగా కోరాలి. ఎక్స్‌చేంజి ఆర్డరు నంబరు, చాట్, పంపిన లావాదేవీ వివరం, స్టేట్‌మెంటు కలిపి ఆ స్టేషనుకి పంపాలి. కదలకపోతే కోర్టుకి వెళ్లాలి. మధ్యలో ‘నేను విడిపిస్తా’ అని ఫోన్ చేసేవాడు రెండో మోసగాడు.

రేటులో మిగిలే కాస్త డబ్బు కోసం ఇది చేయడం ఎంతమాత్రం మంచిది కాదు. గల్ఫ్ జీతం ఎన్‌ఆర్‌ఈ ఖాతాకి (విదేశీ సంపాదన వేసుకునే బ్యాంకు ఖాతా), అక్కడి డబ్బు పంపే ఎక్స్‌చేంజి హౌసు రసీదుతో రావాలి. రేపు స్థలం కొనేటప్పుడు డబ్బెక్కడిదని అడిగితే చూపించడానికి ఆ రసీదే ఉంటుంది. ఊళ్లోవాళ్లకి ఎంతొస్తోందో తెలియకూడదంటే పాస్‌బుక్కు ఎంట్రీ బయటి మెషిన్‌లో కాకుండా యాప్‌లో చూసుకుంటే సరిపోతుంది.

మొనేరోలాంటి కాయిన్లు నిజంగానే పంపినవాణ్ణి, అందుకున్నవాణ్ణి, మొత్తాన్ని దాస్తాయి. మన దగ్గర వాటిని మామూలు దారిలో కొనడం, అమ్మడం కష్టం. వచ్చిన లాభానికి మాత్రం అదే 30 శాతం పన్ను. ఎంత గట్టిగా దాస్తే రేపు నిజాయతీ నిరూపించుకోవడం అంత కష్టమవుతుంది. సాంకేతికంగా ఎంత ముచ్చటగా ఉన్నా ఇంటి డబ్బుకి వద్దు.

ఏ పనికి ఏది

సంత, ఆటో, కూలి, గుడి హుండీ: నోటు. రోజువారీ కిరాణా, మందులు: యూపీఐ లైట్, నంబరు లేని ఐడీతో. పట్టుబడి, ధాన్యం, స్థలం అడ్వాన్సు: బ్యాంకు బదిలీ, వేరే మాట లేదు. సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల బరుల దగ్గర చేతులు మారే డబ్బుకి ఏ సలహా ఇవ్వలేం, ఆ పందేలే చట్టానికి విరుద్ధం.

బిట్‌కాయిన్ కొనాలన్న ఆసక్తి ఉంటే పోయినా పంట పెట్టుబడి ఆగని మొత్తంతో, అప్పు చేయకుండా, ఐదేళ్లు ముట్టుకోనని అనుకుని కొనండి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొంటే ఏడాదికి 24 శాతం వడ్డీ, ఆ పైన లాభం మీద 31.2 శాతం పన్ను. ఎవరికీ గిట్టుబాటయ్యే లెక్క కాదు. టీకి, పాలకి దీన్ని వాడాలనుకోవద్దు: బ్లాకు రావడానికి సగటున పది నిమిషాలు, రుసుము పంపే మొత్తాన్ని బట్టి కాక లావాదేవీ పరిమాణాన్ని బట్టి పడుతుంది. చిన్న చెల్లింపులకు లైట్నింగ్ అనే వేగమైన బిట్‌కాయిన్ దారి ఉంది, మన ఊళ్లలో దాన్ని తీసుకునే కొట్టు దొరకడం కష్టం.

కొన్నవాళ్లు మర్చిపోయేది వారసత్వం. బ్యాంకు ఖాతాకి 2025 నవంబరు నుంచి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. సొంత వాలెట్‌కి నామినీ లేడు. పదాలతో స్టీలు రేకులు రెండు చెక్కుకుని ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో అక్క ఇంట్లోనో బావ ఇంట్లోనో సీలు వేసిన కవరులో ఉంచండి. రెండూ గోదావరి లంకల్లో ఉండకూడదు, వరదొస్తే రెండూ ఒకేసారి మునుగుతాయి, మేడ ఉన్న ఇల్లు చూడండి. ఇంకో కాగితం మీద ఏ వాలెట్, ఏ యంత్రం, పిన్ ఎవరికి తెలుసు, ఎవరిని అడగాలి అన్నది తెలుగులో రాసి, పదాలు మాత్రం అందులో రాయకుండా, పొలం దస్తావేజుల సంచిలో పెట్టండి. ఇంట్లో ఎవరు ముందు వెతికినా చేయి వెళ్లేది ఆ సంచిలోకే.